దేదీప్య ఆఫ్ డ్యూటీ

పాలకొల్లులో ఎవరైనా రంగయ్యను ఆపి "మీ అమ్మాయి అమెరికాలో ఏం చేస్తోందండీ?" అని అడిగితే, ఆయన భుజం మీది తువ్వాలు అటునుంచి ఇటు మార్చుకుని "చైల్డ్ ఆఫీసరండి" అనేవాడు. అలాంటి ఉద్యోగం భూమ్మీద ఎక్కడా లేదని ఆయనకూ తెలుసు. పాపం, ఏం చెబుతాడు? ఓ-పేర్ అంటే ఏమిటో కూతురు దేదీప్య ఫోన్లో నాలుగుసార్లు విడమరిచి చెప్పింది. ఒకరింట్లో ఏడాదిపాటు ఇంటి మనిషిలా ఉండాలి. వాళ్ళ పిల్లల్ని చూసుకోవాలి. వాళ్ళు గది, తిండి, చేతిఖర్చులు ఇచ్చి, దగ్గర్లో కాలేజీలో కాస్త చదువుకోనిస్తారు.

"అంటే ఆయా అన్నమాట" అన్నాడాయన మొదటిసారి.

"ఆయా కాదు నాన్నా, ఫ్యామిలీ మెంబర్."

"వాళ్ళు మనకేమవుతారే?"

"ఏమీ అవరు."

ఇక ఆయన ఆ ముడి విప్పడం మానేసి, ఆఫీసరు అనే మాటను గట్టిగా పట్టుకున్నాడు.

దేదీప్యకు ఇరవై నాలుగేళ్ళు. ఊళ్ళో ఒక ప్లేస్కూల్లో మూడేళ్ళు పిల్లల ముక్కులు తుడిచింది, లంచ్ బాక్సుల మూతలు తీసింది, ఏడ్చేవాళ్ళను చంకనెత్తుకుని గోడ మీద లేని పిట్టలను చూపించింది. ఆమె కోరిక ఒకటే, సొంతంగా ఒక చిన్న బడి పెట్టుకోవాలి. దానికి చోటుంది, మేనత్త ఖాళీగా ఉంచిన వెనక వాటా. లేనిదల్లా కాగితం. టెక్సాస్‌లోని ప్లేనోలో, కమ్యూనిటీ కాలేజీలో, పసిపిల్లల చదువు మీద ఆరు క్రెడిట్లు చేస్తే ఆ కాగితం చేతికొస్తుంది. నాలుగయ్యాయి. మిగిలిన రెండూ ఆగస్టుకల్లా అవుతాయి. అందాకా ఏ గొడవా లేకుండా ఆ ఇంట్లో నెగ్గుకురావాలి, అంతే.

గొడవంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. ఏజెన్సీ తరఫున బెవర్లీ అనే ఆవిడ నెలకోసారి వచ్చి చూసిపోతుంది. ఏదైనా తేడా కనిపిస్తే 'రీమ్యాచ్' అంటుంది. అంటే ఆ ఇంటితో చెల్లు. రెండు వారాల్లో ఇంకో కుటుంబం దొరికితే సరి, లేకపోతే టికెట్టు కొని పంపేస్తారు. ఆమెతోపాటు వచ్చిన అనుష్కను చాండ్లర్ అనే ఊళ్ళో ఒక కుటుంబం పిల్లల్ని చూసుకోవడంతోపాటు గరాజ్‌కు రంగులు కూడా వేయించింది. అది నిబంధనలకు విరుద్ధమని ఏజెన్సీ ఆ కుటుంబాన్ని గట్టిగా మందలించి, అనుష్కను వెనక్కి పంపేసింది. తప్పు వాళ్ళది, విమానం ఈ పిల్లది. ఇదెక్కడి న్యాయమని మీరడగొచ్చు. అనుష్క కూడా అడిగింది, విమానంలో.

అందుకని దేదీప్య ఆ ఇంట్లో నోట్లో నాలుక లేనిదానిలా మసిలేది. ఇంటాయన హర్షవర్ధన్ ఒక పెద్ద కంపెనీ హెడ్డాఫీసులో మేనేజరు, గుంటూరు వైపు మనిషి. ఆయన భార్య నీహారిక న్యూజెర్సీలో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది కానీ క్రియల దగ్గరికొచ్చేసరికి ఎవరికి ఏ మర్యాద ఇవ్వాలో తెలియక అందరినీ ఒక గాటన కట్టేస్తుంది. ఆరేళ్ళ ధృవ్‌కి, మూడేళ్ళ సాన్వికి స్వచ్ఛమైన తెలుగు రావాలని, వీడియో కాల్‌లో ఎనిమిది మందిని చూసి, నీహారికే దేదీప్యను ఎంచుకుంది.

పిల్లలకు తెలుగు వచ్చింది కూడా. కాకపోతే అది పాలకొల్లు తెలుగు. ఏడు నెలలు తిరిగేసరికి ధృవ్ ఏమడిగినా "ఆయ్" అంటున్నాడు. హోమ్‌వర్క్ చేశావా? ఆయ్. పాలు తాగుతావా? ఆయ్. బడిలో టీచరు, ఈ పిల్లవాడు పిలిచినప్పుడల్లా ఎందుకో మూలుగుతున్నాడని చీటీ రాసి పంపింది. నీహారిక ఆ చీటీని ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించింది.

అంతా సవ్యంగా ఉన్న ఆ ఇంట్లోకి మార్చిలో హర్షవర్ధన్ తల్లి కనకదుర్గ దిగారు. అందరూ దుర్గమ్మగారంటారు. అరవై నాలుగేళ్ళు, ఆరు నెలల మకాం. రిటైరయ్యేదాకా ముప్ఫై ఒక్కేళ్ళు ఒక బస్సు డిపోలో డ్రైవర్లకూ కండక్టర్లకూ డ్యూటీ చార్టులు వేసే సీట్లో కూర్చున్నారావిడ. ఎవరు ఎన్నింటికి బండెక్కారు, ఎన్నింటికి దిగారు, ఎవరికి వీక్లీ ఆఫ్ రావాలి, ఎవరు వరసగా రెండు డ్యూటీలు కొట్టి కళ్ళు వాలిపోతున్నా మూడోది ఎక్కుతానంటున్నారు, అన్నీ ఆవిడ ఎర్ర పెన్సిలు కిందనుంచి పోవాల్సిందే. ఒక మేనేజరు "అరగంట అటూ ఇటూ రాయమ్మా" అని బతిమాలితే పెన్సిలు ఆయన చేతిలో పెట్టి "మీరే రాసి సంతకం పెట్టండి సార్" అన్నారట. ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడట.

వచ్చిన రోజే భోజనాల దగ్గర తకరారు మొదలైంది. దేదీప్య అలవాటు ప్రకారం కంచం తెచ్చుకుని ధృవ్ పక్కన కూర్చుంది. దుర్గమ్మగారు పప్పు గరిటె గాల్లోనే ఆపారు.

"ఈ అమ్మాయి మనకేమవుద్దిరా?" అన్నారు కొడుకుతో.

"ఓ-పేర్ అమ్మా. ఫ్యామిలీ మెంబర్ లెక్క."

"ఏ వైపు?"

హర్షవర్ధన్ మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు. నీహారిక మాత్రం నిబ్బరంగా "బోత్ సైడ్స్ అత్తయ్యా" అంది.

దుర్గమ్మగారికి మూడు రోజులు మనసు మనసులో లేదు. చుట్టమనుకుందామంటే జీతం ఇస్తున్నారు. పనిమనిషి అనుకుందామంటే పక్కన కూర్చుని పెరుగన్నం తింటోంది. అద్దెకున్న పిల్ల అనుకుందామంటే ఇంట్లో అందరికన్నా పెద్ద గది ఈ పిల్లదే, దానికి తలుపూ గడియా కూడానూ. తనకు మాత్రం సాన్వి గదిలో కింద పరుపేశారు. పైగా సాయంత్రం ఐదున్నర కాగానే ఈ అమ్మాయి "నా టైమైందండి" అని చెప్పి తలుపేసుకుంటుంది. పొద్దుగుంకకముందే తలుపేసుకునే ఆడపిల్లను ఆవిడ ఇంతవరకూ చూసి ఎరగరు.

"అసలు నీ డ్యూటీ ఏందో ఎక్కడన్నా రాసుందా అమ్మాయ్?" అన్నారు నాలుగో రోజు.

"ఉందండి" అంటూ దేదీప్య ఏజెన్సీ వాళ్ళిచ్చిన అరవై రెండు పేజీల నియమాల పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. తన గొయ్యి తనే తవ్వుకోవడం అంటే ఇదే.

దుర్గమ్మగారికి ఇంగ్లీషు మాట్లాడాలంటే బిడియం కానీ చదవడంలో ఆవిడకు సాటి లేరు. ముప్ఫై ఏళ్ళు సర్క్యులర్లు చదివిన మనిషి. నాలుగు రోజులు ఆ పుస్తకాన్ని వదల్లేదు. ఐదో రోజు టిఫిన్ల దగ్గర కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇది పుస్తకం కాదురా, అగ్రిమెంటు. రోజుకి పది గంటలకి మించకూడదు. వారానికి నలభై ఐదు. వారంలో ఒకటిన్నర రోజు ఆఫ్. నెలకోసారి శనాదివారాలు పూర్తిగా ఆఫ్. ఇయ్యన్నీ రావటానికి మా యూనియన్ వాళ్ళు ఎన్నేళ్ళు కొట్లాడారో తెలుసా" అన్నారు.

"గుడ్ బుక్ అత్తయ్యా" అంది నీహారిక లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

"గుడ్డే. ఈ అమ్మాయి ఆ నలభై ఐదూ చేస్తందో లేదో చూడాలిగా."

అదీ అసలు సంగతి. పిల్లను పట్టుకుందామనే మొదలుపెట్టారావిడ. ఇండియన్ షాపులో పొడుగు నోటుపుస్తకం ఒకటి కొనిపించుకుని, స్కేలు పెట్టి గీతలు కొట్టారు. తేదీ, పేరు, ఎక్కిన టైము, దిగిన టైము, సంతకం. ఆ రిజిస్టరు స్టవ్ పక్కన గట్టు మీద వెలిసింది. పొద్దున ఆరూ యాభైకి దేదీప్య జుట్టు ముడేసుకుంటూ వంటింట్లోకొస్తే, "ముందు సైన్ ఆన్ చెయ్, తరవాతే లంచ్ బాక్సు" అనేవారు. వ్యాన్‌లో పిల్లల్ని బడికి దింపి రావడానికి ఇరవై రెండు నిమిషాలు. ట్రాఫిక్ ఉంటే ముప్ఫై. అదీ రాసేవారు. ధృవ్‌కి ఈ ఆట ఎంత నచ్చిందంటే, వాడు తనంతట తానే చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరిపోయాడు.

మొదటి ఆదివారం దుర్గమ్మగారు కూడికలు వేశారు. ఒకసారి వేసి, నమ్మకం కుదరక కిందినుంచి పైకి మళ్ళీ వేశారు. తరవాత కొడుకునీ కోడల్నీ పిలిచారు.

"యాభై రెండు గంటల పదిహేను నిమిషాలు."

నీహారిక లాప్‌టాప్ మూసింది.

"మీ ఆఫీసు మీటింగు లేటయిందని మంగళవారం గంటన్నర. మీరిద్దరూ సినిమాకి పొయ్యారని శుక్రవారం మూడు. ఈ పిల్ల నోరెత్తదు, మీరు అడగరు. మా డిపోలో అయితే ఈపాటికి గేటు మూసి టెంటేసేవాళ్ళురా."

దేదీప్య వెంటనే లెక్క వేసుకుంది. ఈ యాభై రెండు గంటల సంగతి బెవర్లీ చెవిన పడితే, కుటుంబానికి మందలింపు, తనకు పాలకొల్లు. "వద్దండి దుర్గమ్మగారూ. నాకేమీ ఇబ్బంది లేదండి" అంది కంగారుగా.

"ఇబ్బంది లేదని డ్రైవర్లూ అంటారు, చెట్టుకు గుద్దేదాకా."

ఇక అక్కణ్ణుంచి మొదలైంది ఆ పిల్ల అవస్థ. దొంగను పట్టుకోబోయిన ఆవిడ కాస్తా యూనియన్ లీడరై కూర్చున్నారు. కోరకుండా వచ్చిన లీడరు కన్నా కష్టం ఇంకోటి ఉండదు. వారానికి నలభై ఐదు గంటలు దాటకుండా చార్టు వేసి ఫ్రిజ్‌కి అంటించారు. ఐదున్నర కొట్టేసరికి దేదీప్య చేతిలో ఏదున్నా వదిలెయ్యాలి. ఒకరోజు సాన్వికి ఒక కాలికి బూటు తొడిగి రెండోది తొడగబోతుంటే ఐదున్నరయింది. "చెయ్యి తియ్" అన్నారు దుర్గమ్మగారు. రెండో బూటు ఆవిడే వంగి, నడుం పట్టుకుని, తొడిగారు.

ఇంకోరోజు సాన్వి పాలగ్లాసు బోర్లించింది. దేదీప్య అలవాటు కొద్దీ గుడ్డ అందుకోబోయింది. ధృవ్ రెండు చేతులూ అడ్డం పెట్టి "దీపక్కా, నువ్వు ఆఫ్ డ్యూటీ. నో టచింగ్. ఆయ్" అన్నాడు. ఆమె కుర్చీలో కూర్చుని, పాలు బల్ల మీదనుంచి నేల మీదికి, నేల మీదనుంచి తివాచీ మీదికి పోతుంటే చూస్తూ ఉండిపోయింది. అమెరికాలో ఇంతకన్నా కష్టమైన పని ఆమె చేసి ఎరగదు.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న సాన్వి తెచ్చిపెట్టింది. సాయంత్రం ఆరింటికి ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి దేదీప్య మెడ చుట్టూ చేతులేసి వేలాడింది. దేదీప్య కూడా దగ్గరికి తీసుకుంది. ఇన్‌స్పెక్టరు అభ్యంతరం చెప్పాడు. దుర్గమ్మగారు పెన్సిలు చెవి వెనక పెట్టుకుని చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు.

"పిల్లదొచ్చి నిన్ను కావిలించుకుంటే డ్యూటీ కాదు. నువ్వు పిల్లదాన్ని కావిలించుకుంటే డ్యూటీ."

అప్పట్నుంచి సాయంత్రాలు సాన్వి వచ్చి వేలాడినప్పుడల్లా దేదీప్య రెండు చేతులూ పైకెత్తి నిలబడేది. చూసేవాళ్ళకు ఎవరో తుపాకీ చూపించినట్టుండేది. ఒకసారి కిటికీలోంచి పక్కింటాయన చూసి, భయపడి, అంతా క్షేమమేనా అని తలుపు కొట్టి అడిగాడు. నీహారికకు కోపం వచ్చింది. "అత్తయ్యా, ఇది బస్ డిపో కాదు. మీరు కొంచెం రెస్ట్ తీసుకో, ప్లీజ్" అంది. "తీసుకుంటాలే" అన్నారు దుర్గమ్మగారు, తివాచీ తుడుస్తూ.

కప్పకూ పాముకూ మధ్య చిక్కినట్టయింది దేదీప్య పని. చార్టు ప్రకారం పోతే ఇంటివాళ్ళకు కోపం, పోకపోతే ఈవిడకు కోపం. అయితే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పిల్ల చదువు సాగింది. సాయంత్రాలు గదిలో కూర్చుని పుస్తకాలు తెరిచేది. ఐదో క్రెడిట్టు మంచి మార్కులతో గట్టెక్కింది. దుర్గమ్మగారంటే మొదట ఉన్న భయంలో కాస్త ఇష్టం కూడా కలిసింది.

మరి దేదీప్య దిగిపోయాక పిల్లల్ని ఎవరు చూసేవారు? ఎవరు చూస్తారు, దుర్గమ్మగారే. అదీ దాచలేదావిడ. రిజిస్టరులో రెండో వరస గీసి, పైన ఇంగ్లీషులో కె.డి. అని, దాని కింద తెలుగులో డ్యూటీ అని రాసి, తన టైములు కూడా ఎక్కించారు. "బండి రోడ్డు మీద ఉందంటే స్టీరింగ్ మీద ఎవరో ఒకరు ఉండాలిగా. ఖాళీ వదిలితే రిజిస్టరు అబద్ధం చెప్పినట్టు" అనేవారు. పొద్దున ఐదూ పదికి ఎక్కడం, మధ్యాహ్నం ఒక గంట దిగడం, మళ్ళీ ఎక్కి పిల్లలు పడుకునేదాకా. ఇడ్లీకి నానబెట్టడం, బట్టలు మడతెయ్యడం, కథలు చెప్పడం. ఏ ఆర్భాటమూ లేకుండా అంకెలు వేసుకుంటూ పోయారు. ఆ వరసను ఎవరూ చూడలేదు. హర్షవర్ధన్ చూడలేదు, నీహారిక చూడలేదు. దేదీప్య మాత్రం రోజూ పొద్దున సంతకం పెడుతూ, పక్కనున్న ఆ అంకెల మీదనుంచి చూపు చరచరా జరిపేసుకునేది. ఆమెకు తన నలభై ఐదు చాలు.

ఏప్రిల్ చివరి శనివారం పదకొండింటికి బెవర్లీ వచ్చింది. మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్, ముఖాన చిరునవ్వు. ఫ్రిజ్ మీద చార్టు చూసి ఆగిపోయింది. గట్టు మీది రిజిస్టరు తీసి పోయిన వారం పేజీ తెరిచింది. పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నానని, గంటలను నిమిషాలతో సహా సంతకాలతో రాసిన ఇంటిని మొదటిసారి చూస్తున్నానని మురిసిపోయింది. దేదీప్య వారం మొత్తం నలభై నాలుగు గంటల యాభై నిమిషాలు. భేష్. నీహారిక ఊపిరి పీల్చుకుని కాఫీ ఇవ్వబోయింది.

బెవర్లీ వేలు రెండో వరస మీద ఆగింది.

"ఈ కె.డి. ఎవరు? మీ ఇంట్లో ఇంకో మనిషి పనిచేస్తోందా?"

బెవర్లీ టాబ్లెట్‌లో ఆ వరస కూడింది.

"వారానికి తొంభై ఏడు గంటలు. ఒక్క రోజు కూడా ఆఫ్ లేదు. ఈమె ఎక్కడ పడుకుంటుంది?"

"సాన్వి గదిలో, ఫ్లోర్ మీద" అన్నాడు ధృవ్. ఇన్‌స్పెక్టర్లు నిజమే చెబుతారు.

బెవర్లీ ముఖంలో చిరునవ్వు ఆరిపోయింది. హర్షవర్ధన్ గబగబా ముందుకొచ్చాడు. "నో నో, షీ ఈజ్ మై మదర్. అది వర్క్ కాదు. షీ ఈజ్ ఫ్యామిలీ" అన్నాడు.

"ఓ-పేర్ కూడా ఫ్యామిలీయేనని మా పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. అయినా ఆమెకు గంటలున్నాయి కదా" అంది బెవర్లీ. "ఎక్కిన టైము ఉంది, దిగిన టైము ఉంది, సంతకం ఉంది. ఒక పెద్దావిడతో ఇన్ని గంటలు పనిచేయించే ఇల్లు మా అమ్మాయికి తగినదని నేను రాయలేను. ఇవాళే రీమ్యాచ్ పెట్టాల్సి ఉంటుంది." టాబ్లెట్ మీద ఏదో తెరిచింది.

దేదీప్యకు ఒక్క క్రెడిట్టు, ఒక్కటే మిగిలింది. మేనత్త వెనక వాటా, దాని గోడకు తను వేయిద్దామనుకున్న పసుపు రంగు, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి. తప్పు వాళ్ళది, విమానం ఈ పిల్లది.

"ఒక్క మాట" అంది బెవర్లీ. "ఆమెనే అడుగుదాం. దేదీప్యా, నువ్వు మీ భాషలో అడుగు. ఇంట్లోవాళ్ళు మధ్యలో మాట్లాడకూడదు. ఆమె ఇష్టపడే ఇంత పని చేస్తోందా? ఆమెకు అలసటగా లేదా?"

దుర్గమ్మగారు పొయ్యి దగ్గర నిలబడి అన్నీ వింటూనే ఉన్నారు. బెవర్లీ మాట్లాడినదంతా ఆవిడకు అర్థమవుతూనే ఉంది. అయినా దేదీప్య అడగాలి కనుక అడిగింది. "దుర్గమ్మగారూ, మీరు ఇష్టపడే చేస్తున్నారా అని అడుగుతోందండి. అలసటగా లేదా అని."

ఆ ప్రశ్న ఆవిడను ఎవరూ ఎప్పుడూ అడగలేదని, అడిగిన మరుక్షణమే దేదీప్యకు తెలిసింది. ఆవిడ ముఖంలోకి అదోరకం వెలుగు వచ్చింది. నోరు తెరిచారు. చాలా చెప్పాలని ఉన్న మనిషి నోరు తెరిచినట్టే తెరిచారు. అప్పుడు దేదీప్య వైపు చూశారు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళున్నాయి.

దుర్గమ్మగారు నోరు మూసుకున్నారు. చెవి వెనకనుంచి ఎర్ర పెన్సిలు తీసి, బెవర్లీ చేతిలోని రిజిస్టరు మర్యాదగా అందుకుని, గట్టు మీద పెట్టారు. తన వరసలో పైన ఉన్న డ్యూటీ అనే మాటను స్కేలు పెట్టి అడ్డంగా కొట్టేశారు. దాని పక్కన గుండ్రటి తెలుగు అక్షరాలతో ఇంకో మాట రాశారు. అక్కణ్ణుంచి కిందిదాకా, సోమవారం పక్కన, మంగళవారం పక్కన, ఏడు రోజులకూ అదే మాట రాసి, ఏడుచోట్లా పొడి సంతకం పెట్టారు.

"ఏమని రాసింది?" అంది బెవర్లీ.

"రెస్ట్ అని" అంది దేదీప్య. "విశ్రాంతి."

"తొంభై ఏడు గంటలూ?"

"అవునండి. మనవలతో కూర్చుంటారు కదండి. ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నారో రాసుకుంటారు. అలవాటండి, పాత ఉద్యోగం."

బెవర్లీ దుర్గమ్మగారి ముఖంలోకి చూసింది. దుర్గమ్మగారు నవ్వారు. అంతే, బెవర్లీ ముఖం విప్పారింది. ఒక నాయనమ్మకు వారానికి తొంభై ఏడు గంటల విశ్రాంతి ఇచ్చే ఇల్లు నేనెక్కడా చూడలేదని, మా అమ్మను ఏడాదికి రెండుసార్లు వెళ్ళి చూడటమే నాకు కుదరదని, మీ సంస్కృతి నుంచి మేం నేర్చుకోవాల్సింది చాలా ఉందని చెప్పి, తెరిచిన ఫారం మూసేసింది. 'అత్యుత్తమ ఆతిథ్య కుటుంబం' అని ఏజెన్సీ పత్రికలో వేస్తామంటూ అందరినీ నిలబెట్టి ఫోటో తీసింది. ఫోటోలో దుర్గమ్మగారిని మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ రోజు పొద్దుటినుంచి ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

కారు వెళ్ళిపోయింది. నీహారికకు తెలుగు చదవడం రాదు. రిజిస్టరు దగ్గరికొచ్చి "ఏం రాసింది అత్తయ్య, నిజంగా?" అని మొగుణ్ణి అడిగింది. హర్షవర్ధన్‌కు చదవడం వచ్చు. ఒక్కో వరసా వేలు పెట్టి చదివాడు. సోమవారం ఐదూ పది నుంచి ఒంటిగంట, విశ్రాంతి. రెండు నుంచి ఎనిమిది, విశ్రాంతి. మంగళవారం దగ్గరికొచ్చేసరికి వేలు తీసేశాడు. ఇన్నాళ్ళూ గట్టు మీదే ఉన్న పుస్తకం అది, రోజూ దాని పక్కనే కాఫీ కప్పు పెట్టుకున్నాడు మహానుభావుడు. "అమ్మా" అన్నాడు చివరికి.

"కాఫీ చల్లారింది, వేడి చేసుకో" అన్నారు దుర్గమ్మగారు, సాన్విని చంకకెత్తుకుంటూ. "ముప్ఫై ఒక్కేళ్ళలో దొంగరాత రాయటం ఇదే మొదలు. ఇంక దీని గురించి మాట్లాడొద్దు."

దేదీప్య గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. ఉద్యోగం నిలిచినందుకు సంతోషం, నిలిచిన తీరుకు సిగ్గు, రెండూ కలిసి వచ్చాయి. నిజం చెప్పే వీలు తన నోట్లోనే ఉండింది. చెప్పలేదు. మళ్ళీ అడిగినా చెప్పదు. ఆ సంగతి కూడా ఆమెకు తెలుసు, అందుకే ఇంకాస్త ఏడ్చింది.

సోమవారం పొద్దున ఆరూ యాభైకి సైన్ ఆన్ చెయ్యడానికి వంటింట్లోకి వచ్చేసరికి, దుర్గమ్మగారు బల్ల ముందు కూర్చుని తెల్లకాగితం మీద ఏదో రాస్తున్నారు. ఆవిడ బల్ల ముందు కూర్చుని ఉండటమే వింత. కాగితం మీద ఎడమ పక్కన తేదీ, కింద 'విషయం: ఒకరోజు సెలవు కోరుట గురించి' అని, ఆ కింద 'కారణం: అలసట' అని పద్ధతిగా రాసి ఉంది. పైన 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి అక్కడ ఆగిపోయారు.

"ఎవరికని రాయాలో తెలీటం లేదే అమ్మాయ్" అన్నారు. "కొడుకుని అడగటమేంది, కోడల్ని అడగటమేంది. వాళ్ళకి నేనేమన్నా ఉద్యోగినా. మీ బెవర్లీ నాకేం సంబంధం. మా ఆయన ఉన్నప్పుడూ ఇట్టాంటిది అడగలా. నిన్నంతా ఆలోచించా. నాకు సెలవిచ్చే మనిషి ఎవరూ కనపడలా."

దేదీప్య ఆ కాగితం తీసుకుంది. గౌరవనీయులైన అన్న మాట పక్కన ఖాళీలో తన పేరు రాసుకుంది. కింద 'మంజూరు చేయడమైనది, ఈ రోజు నుంచే' అని రాసి సంతకం చేసి, ఆవిడ చేతిలో పెట్టింది.

"నలభై ఐదు దాటిపోద్దే నీకు" అన్నారు దుర్గమ్మగారు.

"దాటనివ్వండి. విశ్రాంతి అని రాసుకుంటాను."

ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నారు. తప్పులేమీ కనిపించలేదు. నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని, చెప్పులేసుకుని, ముందు తలుపు తీసుకుని ప్లేనో వీధిలోకి దిగారు. ఎక్కడికి వెళ్ళాలో ఆవిడకు తెలియదు. కాసేపు పేవ్‌మెంట్ మీద అలాగే నిలబడి, తరవాత కుడివైపుకు తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయారు.